సూపర్‌వైజరు గారి చప్పుడు

మావారి కుడి మోకాలికీ ఆయన బుల్లెట్టుకూ మాటల్లేకుండా పోయాయి. కిక్కు కొట్టినప్పుడల్లా బండి వెనక్కి తన్నేది. పదహారేళ్లు తన్నులు తిన్న మోకాలు డెబ్బై ఆరు వేసవిలో ఇక నావల్ల కాదంది. డాక్టరు గారు ఎక్స్‌రేని దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఈ బండైనా ఉంచుకోండి, ఈ కాలైనా ఉంచుకోండి" అన్నారు. మావారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. పక్కన నేనుండబట్టి కాలు దక్కింది.

మావారు వెంకటప్పయ్య గారు కాలువల డిపార్టుమెంటులో సూపర్‌వైజరు. బందరు కాలువ మీద ఎనిమిది మైళ్ల గట్టు ఆయనది. రోజూ ఆ గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగి తూములు చూసుకోవాలి. తిరగలేనంటే ఆఫీసులో కుర్చీ వేసి ఫైళ్లిస్తారు. రిటైరవటానికి ఇంకా ఆరేళ్లుంది. కుర్చీ పేరెత్తితే చాలు, ఆయన మొహం ఆముదం తాగినట్టయ్యేది. అందుకని తేలికపాటి బండి చూసుకున్నారు.

ఆటోనగర్‌లో మాణిక్యం అనే మెకానిక్ బుల్లెట్టు పుచ్చుకుని, బదులుగా తను కూర్చిన బండి ఇచ్చాడు. ఇంజను ఒకచోటిది, చక్రాలు ఇంకోచోటివి. కంపెనీ పేరుండాల్సిన చోట పచ్చరంగు ఉంది. లెగ్గార్డు లేదు, పక్కన పెట్టె లేదు, వెనక క్యారేజీ లేదు, నేను కాళ్లు పెట్టుకునే ఇనప చట్రం లేదు.

"అనవసరమైనవన్నీ పీకేశానండి" అన్నాడు మాణిక్యం, సరిగ్గా నా వంకే చూస్తూ.

ఇంటికి తెచ్చి నిలబెడితే మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు.

"ఒరే అప్పయ్యా, మిగతాది రేపిస్తానన్నాడా?"

మాణిక్యం అన్నిటికన్నా గర్వపడింది దాని నిశ్శబ్దానికి. నడిపేవాడికి కూడా వినపడదన్నాడు. నిజమే. ఆ సంగతి మాకు మూడో రోజునే తెలిసింది.

బుల్లెట్టు చప్పుడు మా ఇంట్లో గోడగడియారం కంటే ఎక్కువగా పనికొచ్చేది. ఆయన బందరు రోడ్డు దిగి మా పటమట సందులోకి తిరగకముందే వినపడేది. మా అత్తగారికి రక్తపోటు. ఆవకాయ ముట్టుకోవద్దని డాక్టరు గారి ఆజ్ఞ, దాన్ని అమలుపరిచే అధికారి మావారు. అధికారి గట్టు మీద ఉండగానే, దీపాలు పెట్టే వేళకు ముందే, ఆవిడ ఆవకాయతో అన్నం తినేవారు. చప్పుడు వినపడగానే "అమ్మాయ్, వస్తున్నాడే" అనేవారు. నేను కంచం మార్చేదాన్ని. ఆవిడ ముందు మజ్జిగన్నం, మొహంలో వైరాగ్యం. మావారు గేటు దగ్గర ఇంజను ఆపకుండా ఒక రెండు నిమిషాలు నిలబడేవారు. వెంటనే ఆపేస్తే ఇంజనుకు మంచిది కాదట. బి.ఏ. చదివినదాన్ని, నమ్మాను.

కొత్త బండి వచ్చిన మూడో రోజు సాయంత్రం, తలెత్తి చూస్తే ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నారు. కంచం చూశారు. ఎర్రటి వేళ్లు చూశారు. అత్తగారు చెయ్యి కొంగులో దాచుకుని, "ఈ పూటేరా" అన్నారు. కోప్పడతారనుకున్నాను. పొరపాటున పరాయి ఇంట్లోకి వచ్చినవాడిలా తడబడి, "కాళ్లు కడుక్కోలేదు" అంటూ పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే ఇంకొకటి గమనించాను. మా ఇంటికి ఆనపకాయలు రావటం ఆగిపోయింది. గట్టు పక్క రైతులు బుల్లెట్టు పెట్టెలో రోజుకొకటి పడేసేవాళ్లు. ఆనపకాయను లంచం అనటానికి ఎవరికీ నోరు రాదు. ఏళ్ల తరబడి పులుసు, కూర, పచ్చడి, చివరికి హల్వా కూడా చేశాను. ఇన్నేళ్లకి మొదటిసారి సంచీ పట్టుకుని కూరల బజారుకు వెళ్లాను. ఆయన సాయంత్రాలు వచ్చి, మంచం మీద కూర్చుని బూట్ల వంక చూస్తుండేవారు.

సంగతేమిటో తిరుపతిరావు చెప్పాడు. అతను గట్టు మీద తూములు చూసుకునే లస్కరు. ఒక మధ్యాహ్నం వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మగారూ, మీతో కాక ఎవరితో చెప్పుకోనండీ. అయ్యగారు దొంగలా వస్తున్నారండి."

"దొంగలెవరయ్యా? ఆయనా, మీ రైతులా?"

"అదేనండి. ఎవరు దొంగో తెలియకుండా పోతోందండి."

అవి నాట్ల రోజులు. వంతు కాని రోజున కూడా పై ఊళ్లవాళ్లు తూము తలుపులెత్తుకుంటారు. అలా ఎత్తితే చివరనున్న శివారు చేలకు నీరందదు. బుల్లెట్టు రోజుల్లో ఆ చప్పుడు మైలు దూరాన వినపడితే చాలు, ఎవరి తలుపు వాళ్లే దించేసి, గట్టెక్కి బీడీ వెలిగించేవాళ్లు. మావారు వచ్చి, "ఏమయ్యా, అంతా సవ్యమేనా?" అనేవారు. "తమ దయండి" అనేవాళ్లు. తూములన్నీ బుద్ధిగా ఉండేవి, శివారుకు నీళ్లు వెళ్లేవి, పెట్టెలో ఆనపకాయ పడేది.

"నిన్న బసవపున్నయ్య గారు మోకాలి లోతు నీళ్లలో దిగి తలుపెత్తుతున్నారండి. వెనక్కి తిరిగితే అయ్యగారు! 'అదేంటండీ, కబురన్నా పెట్టకుండా వచ్చేశారు' అన్నారండి ఆయన. ఈయనేమో 'ఇటుగా వెళ్తూ...' అని నసిగారండి."

"తర్వాత?"

"చూశాక రాయక తప్పుద్దా అండీ. కేసు రాశారండి. పదిహేనేళ్లు ఆయనింటి మజ్జిగ తాగిన మనిషండి."

"పోనీ, శివారుకు నీళ్లన్నా వెళ్తున్నాయా?"

"ఎక్కడండీ! ఇక్కడ ఒకడికి కేసు రాస్తుంటే, ముందున్న ఏడుగురూ తలుపులెత్తుకునే ఉంటున్నారండి. ఈయనొచ్చేది తెలిస్తే కదండీ దించటానికి."

జీతం మావారు తీసుకుంటున్నా, పని చేసిందంతా బుల్లెట్టేనని నాకప్పుడు అర్థమైంది.

గురువారం ఆయన చొక్కా నానబెట్టబోతూ జేబు తడిమితే నాలుగు మడతల కాగితం తగిలింది. మోకాలి బాధ వల్ల గట్టు డ్యూటీ చేయలేకపోతున్నానని, ఆఫీసులో సీటు ఇప్పించమని అర్జీ. సోమవారం తేదీ వేసి ఉంది. ఆ మోకాలు నెల్లాళ్లుగా ఊసెత్తటం లేదు. నొప్పెక్కడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాగితం మడిచి అదే జేబులో పెట్టి, చొక్కాను సబ్బునీళ్లలో ముంచాను. జేబు చూడకుండా చొక్కా తడపటం నా కాపురంలో అదే మొదలు. మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయి.

"చొక్కాలో ఒక కాగితం ఉండాలే" అన్నారాయన రాత్రి భోజనాల దగ్గర.

"అయ్యో, చూసుకోలేదండీ. ముఖ్యమైనదా?"

"అబ్బే. సోమవారం లోపల మళ్లీ రాసుకుంటాలే."

అంటే నాకు మూడు రోజులున్నాయి. అదృష్టం కొద్దీ రెండో శనివారం వచ్చింది. ఆయన ఎవరిదో గృహప్రవేశమని పొద్దున్నే మంగళగిరి బస్సెక్కారు. తిరుపతిరావు బండి నెట్టుకుంటూ ముందు, నేను రిక్షాలో వెనక, ఆటోనగర్ చేరాం.

"ఏమైందమ్మా? చప్పుడేమన్నా చేస్తోందా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు మాణిక్యం.

"చేయటం లేదయ్యా. అదే కంప్లయింటు."

అతనికి అర్థం కాలేదు. సైలెన్సరు లోపల చప్పుడు మింగే గొట్టమొకటి ఉంటుందని తిరుపతిరావు చెప్పాడు. అది తీసేయమన్నాను. పప్పులో ఉప్పు తీసేయమంటే వంటవాడు చూసినట్టు చూశాడు మాణిక్యం.

"ఊరంతా చప్పుడు తగ్గించమని నా దగ్గరికొస్తారండి! ఇది చేశానంటే నా పరువేం కానండీ?"

ఇక వేరే దారి లేక గొంతు తగ్గించాను. "మావారికి ఈమధ్య సరిగ్గా వినపడటం లేదయ్యా. బండి స్టార్టయిందో లేదో తెలియక ఊరికే కిక్కు కొడుతున్నారు. ఆయనతో అనకు, బాధపడతారు."

మాణిక్యం మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "పాపం, ఇంకా యాభై కూడా రాలేదే" అంటూ రెంచి తీసుకున్నాడు.

సోమవారం పొద్దున ఆయన కిక్కు కొట్టగానే గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. పక్కింటి శౌరమ్మ గారు కిటికీలోంచి తొంగిచూశారు. ఆయన బండి వంక చూశారు, నా వంక చూశారు. నేను బియ్యంలో రాళ్లేరుకుంటున్నాను. ఆయన జేబులోంచి కొత్తగా రాసిన కాగితం తెల్లగా కనపడుతోంది.

"ఇదేమిటే, ఇలా అరుస్తోంది?"

"కొత్త బండి కదండీ. గొంతు ఇప్పుడే విచ్చుకుంటోందేమో."

"బాగుచేయించాలి" అన్నారు. "సరే, చివరిసారిగా గట్టు చూసేసి, సాయంత్రం ఆఫీసుకు వెళ్లొస్తాను."

ఆ పగలంతా నాకు వంట మీద ధ్యాస లేదు. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తగారు ఇన్నాళ్లకి రుచిగా ఉందన్నారు.

సాయంత్రం బందరు రోడ్డు వైపు నుంచి డబడబమంటూ వినపడింది. అత్తగారు ముద్ద మధ్యలో ఆగి చెవి రిక్కించారు.

"అమ్మాయ్, ఇది మనవాడేనంటావా?"

"ఆయనేనండీ." కంచం మార్చాను. ఎన్నాళ్లయినా చేతికి అలవాటు పోలేదు.

బండి గేటు దగ్గరికొచ్చి ఆగింది గాని ఇంజను ఆగలేదు. ఈ బండి చేరగానే ఆపేయాలని, ఊరికే తిరిగితే పెట్రోలు దండగని మాణిక్యం మరీమరీ చెప్పాడు. అయినా ఆయన సీటు మీదే కూర్చుని, ఇంటి వైపు చూడకుండా, వీధి చివరి కరెంటు స్తంభం వంక తీరుబడిగా చూస్తున్నారు. పూర్తిగా రెండు నిమిషాలు. పదహారేళ్లుగా అది ఇంజను కోసమని నమ్మిన నా బి.ఏ. చదువును తలుచుకుని నాకు జాలేసింది.

లోపలికొచ్చేటప్పుడు ఆయన చేతిలో ఆనపకాయ ఉంది. పెట్టె లేదుగా, హ్యాండిలుకు తాడుతో కట్టుకొచ్చారట.

"బసవపున్నయ్యదా?" అన్నాను.

"కేసు కేసే, కాయ కాయే అన్నాడు."

"మరి తూములు?"

"అన్నీ దించే ఉన్నాయి. శివారు దాకా నీళ్లే." కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుతూ, మజ్జిగన్నం కలుపుతున్న వాళ్లమ్మ చేతి వంక చూశారు. "గోరింటాకు బాగా పండిందే అమ్మా."

"ఆషాఢంలో పెట్టుకున్నాను రా" అన్నారు అత్తగారు తొణక్కుండా.

"దారిలో మాణిక్యం ఎదురుపడ్డాడు" అన్నారాయన నాతో. "చెవి దగ్గరికొచ్చి, 'ఇప్పుడు వినపడుతోందాండీ' అని పెద్దగా అరిచాడు. ఎందుకంటావ్?"

"వర్క్‌షాపు మనిషి కదండీ. అరిచి మాట్లాడటం అలవాటేమో."

"అయ్యుంటుంది." ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చారు. మడతలు కూడా నలగకుండా కాగితం ఇంకా జేబులోనే ఉంది.

"నానబెట్టెయ్" అన్నారు. "జేబులు చూడకు."