పక్క సీటు ముందు గీత

కారు ముందద్దం గురించి నాకు తెలియనిది లేదు. వయసులో ఉన్న కాలమంతా లారీలు తోలినవాణ్ణి. ఒక వానాకాలంలో అద్దమే లేని లారీని కొండలు దాటించి సముద్రం ఒడ్డు దాకా తీసుకెళ్ళాను. దారిలో నోరు మూసుకోవాలన్న సంగతి మరిచిపోయి ఎన్ని పురుగులు మింగానంటే, దిగాక అన్నం వద్దన్నాను. గాజు మీద గీత పడితే అది ఎటు పాకుతుందో, ఎక్కడ ఆగుతుందో ఒక్క చూపులో చెప్పేస్తాను. అందుకే మా కారు అద్దానికి రాయి తగిలిన రోజున వెనక సీట్లోంచి మెడ చాచి చూసి, "ఇది ఇక్కడి నుంచి వెంట్రుకంత కూడా కదలదు" అని తీర్పు చెప్పాను.

కదిలింది. దాని సంగతే చెబుతున్నాను.

ఆ రోజు మా వాడు కారు నడుపుతున్నాడు. పక్క సీట్లో మా కోడలు, వెనక నేనూ మా ఇంటావిడా. ముందు కంకర లారీ ఒకటి పోతోంది. మా కోడలు ఒళ్ళో గిన్నె పెట్టుకుని అందరికీ కమలాపళ్ళు ఒలుస్తోంది. టప్పుమని చప్పుడైంది. సరిగ్గా తన మొహానికి ఎదురుగా అద్దం మీద కందిగింజంత చుక్క, దాని నుంచి వేలెడు గీత. తను కేక వెయ్యలేదు, తొక్క తీస్తున్న వేళ్ళు ఆగాయి, అంతే. మా వాడు కారు పక్కకి ఆపి, తనవైపు తిరిగి, "నీకేమీ తగల్లేదు కదా?" అని అడిగాడు. తర్వాత దిగి అద్దాన్ని అటూ ఇటూ చూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

"నీ వైపేలే. నడిపేవాడికి అడ్డం లేదు."

"పోనీలే నాయనా, గండం గాజుతో పోయింది," అంది మా ఇంటావిడ.

నా తీర్పు నేనిచ్చాను. కోడలు మిగతా పళ్ళు ఒలిచి తలా కాసిని తొనలు పెట్టింది. ఇంటికొచ్చి గిన్నె కడుగుతున్నప్పుడు తను ఒక్క తొన కూడా తినలేదని గుర్తొచ్చిందట. బాధ కలగలేదట. గుర్తొచ్చింది, అంతే.

ముందు సీటు తనకి ఇచ్చాం కదా, అది గౌరవం అనుకునేరు. మా ఇంట్లో ఆ సీటు వంటింటికి కొనసాగింపు. మంచినీళ్ళ సీసా మూత తీసి అందించాలి, మా వాడి ఫోను మోగితే చెవి దగ్గర పట్టుకోవాలి, వెనక మా ఆవిడకి గాలి ఎక్కువైతే తగ్గించాలి, తక్కువైతే పెంచాలి, నాకు కళ్ళజోడు వెతికిపెట్టాలి. వాన పడితే అద్దానికి లోపలి వైపు ఆవిరి పడుతుంది చూశారూ, అప్పుడు గుడ్డ తీసుకుని తుడవాలి. ముందు మా వాడి వైపు. సీటు బెల్టు లాగి, ఒళ్ళంతా సాగదీసి, స్టీరింగుకి అడ్డం రాకుండా, అతని చూపుకి చెయ్యి అడ్డం రాకుండా తుడవాలి. "చెయ్యి, చెయ్యి" అంటాడతను. తన వైపుకి వచ్చేసరికి ఇంకేదో పని తగులుతుంది. అలా ఎన్నో వానల్లో, అతనికి దారంతా శుభ్రంగా కనిపించే కారులో, తను మాత్రం పాలరంగు గోడ ముందు కూర్చుని ప్రయాణం చేసింది. అది ఎవరి తప్పని చెప్పమంటే తనకీ తెలియదు. ఎవరూ తుడవొద్దనలేదు కదా.

గీత పాకింది. నా తీర్పుని లెక్కచెయ్యకుండా, ఎండకి కొంచెం, గతుకులకి కొంచెం. దాని అవతల ఎదురొచ్చే ప్రతి బండీ రెండుగా చీలి మళ్ళీ ఒకటయ్యేది. మొదట్లో తను మెడ పక్కకి వంచి చూసేది. "అలా మెడ వాల్చుకుని కూర్చోకే, చూసినవాళ్ళు నేనేదో రాచిరంపాన పెడుతున్నాననుకుంటారు," అంది అత్తగారు. మెడ నిటారుగా పెట్టింది. కొన్నాళ్ళకి ఆ చీలిన లోకమే అలవాటైపోయింది. ఒక్కోసారి ఇంట్లో కిటికీలోంచి చూసినా మధ్యలో గీత ఉన్నట్టే ఉండేదట. కాలు మీద కాలు వేసుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, చేత్తో ముట్టుకుంటే ఎవరిదో కాలు పట్టుకున్నట్టుంటుంది. తన లోపల ఏదో అలా అయిపోయింది. నొప్పి లేదు, కోపం లేదు. పొద్దున స్టవ్వు వెలిగించే చేతులు ఎవరివో, రాత్రికి తలుపులు గడియలు వేసే చేతులు ఎవరివో. ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలికేది, ఆ పలికింది తనేనని కాసేపటికి తెలిసేది. నవ్వాల్సిన చోట నవ్వేది. నా కోతలకి మా ఇంట్లో నవ్వే మనిషి తనొక్కతే. ఆ నవ్వులో మనిషి లేదని నాకు తెలియలేదు. కోతలు కోసేవాడికి నవ్వు వినపడితే చాలు, ఎవరు నవ్వారో ఎందుకు.

తను పనిచేసే ఆఫీసులోనూ అంతే. లెక్కలు చూసేవాళ్ళందరిలోకీ తనే పాతది. సీటు మాత్రం ప్రింటరు పక్కన. కాగితం ఇరుక్కుంటే, "మేడం, మీ పక్కనే కదా" అంటారు. నిన్న గాక మొన్న చేరిన కుర్రాళ్ళూ అంటారు. లేచి తీస్తుంది. ఒకసారి మేనేజరు బయటివాళ్ళని వెంటబెట్టుకొచ్చి అందరినీ వాళ్ళ వాళ్ళ పనితో పరిచయం చేసి, తన దగ్గరికొచ్చేసరికి "ఈమె లేకపోతే మా ప్రింటరు నడవదండీ" అన్నాడట. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట ఎవరికైనా చెబుదామనుకుంది. కూర మాడుతుంటే మరిచిపోయింది.

చివరికి ట్రాఫిక్ పోలీసు ఒకాయన కారు ఆపి, ఆ గీత సంగతి చూసుకోకుండా మళ్ళీ రోడ్డెక్కవద్దని మా వాడికి గట్టిగా చెప్పాడు. అప్పటికి గీత అద్దం అంచుకి జానెడు దూరంలో ఉంది. సెలవురోజు చూసి తీసుకెళ్తానన్నాడు. ఆ సెలవురోజు పొద్దున్నే సబ్బు కిందపడితే తియ్యబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది. మంచం మీద బోర్లా పడుకుని అక్కడి నుంచే ఆజ్ఞలు.

"నువ్వే తీసుకెళ్ళు. లైసెన్సుందిగా. నాన్నని తోడు తీసుకో, మగమనిషి లేకపోతే షాపువాడు ఏదో ఒకటి అంటగడతాడు. అద్దం మార్చమంటాడు, ఒప్పుకోకు. గీతలో ఏదో మందు నింపుతారు, అది చాలు."

మా కోడలికి పెళ్ళికి ముందే లైసెన్సుంది. పెళ్ళయ్యాక రెండు మూడుసార్లు నడిపింది. నడిపినప్పుడల్లా మావాడు పక్కన కూర్చుని తలుపు పిడి పట్టుకుని, కాళ్ళతో లేని బ్రేకులు తొక్కుతూ, "నిదానం, నిదానం" అనేవాడు. పోట్లాట ఎందుకని మానేసింది. ఇప్పుడు తాళాలు తీసుకుని సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మా కోడలు వీధి మలుపు దాటించి కారుని పెద్ద రోడ్డు ఎక్కించింది. తర్వాత, నాతో కాకుండా రోడ్డుతో అన్నట్టు అంది.

"ఇక్కణ్ణుంచి నిజంగానే ఏమీ కనిపించదు మామయ్యా."

"ఏంటమ్మాయ్?"

"గీత. ఆయన ఊరికే అంటున్నారేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. ఉండదు. ఇక్కడ కూర్చుంటే అసలు ఉండదది."

అప్పటికే నా ఎదురుగా ఒక బస్సు రెండు ముక్కలై వస్తోంది. ఇన్నాళ్ళూ వెనక సీట్లోంచి తీర్పులిచ్చిన నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది ఎండ వల్లే. మెడ పక్కకి వంచాను.

షాపువాడు మంచివాడే. తాళాలు మా కోడలు చేతిలోంచి తీసుకుని, మాట మాత్రం నాతో మాట్లాడాడు.

"పెద్దాయనా, నింపొచ్చు, మార్చొచ్చు. ఇంకొంచెం పాకి అంచు తగిలిందంటే నింపినా నిలవదు. ఇప్పుడైతే ఆగుద్ది. కాకపోతే మచ్చ ఉంటుంది. అంటే నడిపేవాళ్ళకేం కాదు, పక్క సీటోళ్ళకి కొద్దిగా మసగ్గా ఉంటుంది, అంతే. సార్‌ని ఫోను చేసి అడుగుతారా?"

నన్ను పెద్దాయనా అన్నాడు కదా, నాకు ఊపొచ్చింది. అద్దంలేని లారీ కథ ఎత్తుకున్నాను. కొండలు దాటించాను, పురుగులు మింగాను, అన్నం వద్దన్నాను. షాపువాడు చేతిలో పని ఆపేసి వింటున్నాడు. అద్దమే లేకుండా తోలినవాళ్ళం, ఒక గీతకి ఇంత హడావుడేమిటి, నింపెయ్ అనే దాకా వచ్చాను. అప్పుడు మా కోడలు అడిగింది, మామూలుగానే.

"ఆ లారీలో మీరు ఎటు కూర్చునేవారు మామయ్యా?"

ఆ అమ్మాయి మొహంలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. అబద్ధం నోటిదాకా వచ్చి ఎందుకో లోపలికే జారిపోయింది.

"పక్క సీట్లో," అన్నాను. "క్లీనరుని. తోలింది వేరేవాడు. అద్దం ఉండేది కూడా. తడిగుడ్డతో దాన్ని తుడవడమే నా పని."

"మీ వైపు కూడా తుడుచుకునేవారా?"

"టైమేదమ్మాయ్."

షాపువాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వెప్పుడూ నష్టం కాదు. మా కోడలు నవ్వలేదు. తను నా కోతకి నవ్వకపోవడం అదే మొదటిసారి. నాకు తెలియకుండానే ఆ అమ్మాయి మొహంలోకి చూశాను. మనిషి ఉంది.

"మార్చండి," అంది షాపువాడితో.

"సార్‌తో ఒకసారి..."

"కారు తెచ్చింది నేను. మార్చండి."

ఇంతలో మా వాడే ఫోను చేశాడు. తను మాట్లాడుతుంటే పక్కనున్న నాకు రెండువైపులా వినిపిస్తూనే ఉంది.

"అయిందా? నింపాడా?"

"లేదండీ. మార్పిస్తున్నాను."

"చెప్పానుగా, వాడేదో అంటగడుతున్నాడు. నాన్నకివ్వు ఫోను. నీ వైపేగా ఉన్నది, నడిపేవాడికి అడ్డం లేదు కదా, ఎందుకిప్పుడు?"

"అవునండీ, అడ్డం లేదు. ఇవాళ ఇటు కూర్చుని చూశాను. మీరన్నది నిజమే, ఏమీ కనిపించలేదు. అందుకే మార్పిస్తున్నాను."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు అంది. ఫోను నాకివ్వలేదు, సంచిలో వేసుకుంది.

కొత్త అద్దం పెట్టాక జిగురు ఆరాలి, అందాకా బండి కదలకూడదట. షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అక్కడ తనకి చెయ్యడానికి పనేమీ లేదు. ఒలవడానికి పండు లేదు, తుడవడానికి గుడ్డ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాటినే చూసింది. తర్వాత కమలాతొనల సంగతి, ప్రింటరు సంగతి, తిమ్మిరి సంగతి ఒకటొకటిగా చెప్పింది. ఇంతసేపూ నేను మీకు చెప్పినవన్నీ అవే. ఏడవలేదు. తిమ్మిరి వదిలేటప్పుడు కాల్లో సూదులు గుచ్చినట్టుంటుంది కదా, అలా ఉందంది.

వారానికి మా వాడి నడుం కుదుటపడింది. వాడి అత్తవారింటికి వెళ్ళాల్సిన పని పడింది. నేనూ మా ఆవిడా యథాప్రకారం వెనక ఎక్కాం. వాడు చొక్కా సర్దుకుంటూ వచ్చి చూస్తే, స్టీరింగు దగ్గర మా కోడలు కూర్చునుంది, బెల్టు పెట్టుకుని.

"ఇదేంటి?"

"ఎక్కండి. వానొచ్చేలా ఉంది."

"నడుం తగ్గిందిలే, నేను నడుపుతా."

"ఎక్కండి."

"వాడికి నడపడం ఇష్టమే అమ్మాయ్," అని మా ఆవిడ వెనక నుంచి సన్నగా అంది. వీధిలో నిలబడి ఎంతసేపు చూస్తాడు, పక్కింటివాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు. ఎక్కాడు. ఊరు దాటకముందే వాన పట్టుకుంది. కొత్తద్దానికి లోపల ఆవిరి పట్టింది. వాడు తలుపు పిడి పట్టుకుని, "నిదానం" అన్నాడు. తను నిదానంగానే పోతోంది. ఆవిరి ఇంకా ముసిరింది. తన చెయ్యి స్టీరింగు మీంచి కదల్లేదు. కొంచెం దూరం అందరం తెల్లగోడని చూస్తూ కూర్చున్నాం.

"గుడ్డ మీ ముందు అరలో ఉందండీ," అంది. "ముందు నా వైపు."

వాడు అర తెరిచాడు.

ఇక నేను కోతలరాయుణ్ణని మీకు తెలిసిపోయింది కాబట్టి, ఇందులో ఏది నిజమో ఏది కాదో అని అనుమానపడుతుంటారు. లారీ సంగతి ఒప్పుకున్నాను. మిగతాది గుడ్డతో సహా నిజం. ఒక్క మాట మాత్రం నేను కల్పించాను, తండ్రిని కదా, మనసొప్పక. రాయి తగిలిన రోజున మా వాడు కారు ఆపి, తనవైపు తిరిగి, "నీకేమీ తగల్లేదు కదా?" అని అడిగాడన్నాను చూశారూ, అది.