ఆకుపచ్చగా రావలసిన ఆయిల్

పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి కొన్నవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది గేర్ ఆయిల్ డబ్బా. ఈ మాట అంటే ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. కర్టెన్లు కొనేటప్పుడు మా ఆయన ఏ రంగు చూపించినా బాగుందనేశాడు. దుప్పట్లకూ అంతే. ఆయిల్ దగ్గర మాత్రం రోజూ నా పక్కన చేరి ప్రతి అక్షరం నాతో కలిసి చదివాడు. మొగుడూ పెళ్ళాం ఒకే పుస్తకంలో తలలు దూర్చి కూర్చోవడంలో ఎంత సుఖముందో నాకు అప్పుడే తెలిసింది. ఆ పుస్తకం కారుతోపాటు వచ్చిన గైడు అయితే మాత్రం ఏం?

కారు మా అన్నయ్యది. అన్నయ్యకు కళ్ళద్దాల షాపుంది. అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే అన్నం సహించని మనిషి. అపురూపంగా నడుపుకున్న కారును మా పెళ్ళికి మాకిచ్చేశాడు. తాళాలు చేతిలో పెడుతూ, గేర్ ఆయిల్ కొత్తగా మార్పించాననీ, ఇంకో రెండేళ్ళు దాని జోలికి వెళ్ళనక్కర్లేదనీ చెప్పాడు.

కొన్ని నెలలు కారు వెన్నలా నడిచింది. వర్షంలో వైపర్లు అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆయన పక్కన కూర్చుని చూడటం నాకు సినిమా కంటే ఇష్టం. మధ్యలో ఆఫీసు ట్రైనింగ్ ఉందంటే వేరే ఊరు వెళ్ళి వచ్చాను. నేను వచ్చాక కొన్నాళ్ళకు కారుకు వణుకు మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలేటప్పుడు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయేది.

"మీ అన్నయ్య ఏం పోయించాడో ఏమో," అన్నాడు మా ఆయన, రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

ఆ ఒక్క మాటే అన్నాడు. మిగిలిందంతా నేనే చేశాను. ఇంటికి రాగానే అన్నయ్యకు ఫోన్ చేశాను. కారు కంపెనీ చెప్పిన ఆయిలే పోయించానని అన్నయ్య అన్నాడు. మరైతే ఎందుకు వణుకుతోందని నేను. నాకేం తెలుసు, ఒకసారి తీసుకురండి, చూపిద్దామని అన్నయ్య. మా ఆయన ఎదురుగా సోఫాలో కూర్చుని వింటున్నాడు. నాకెక్కడలేని పౌరుషం వచ్చింది. ఎలాగూ ఊరికే ఇచ్చేదే కదా అని ఏదో ఒకటి పోయించి మాకు అంటగట్టి ఉంటావన్నాను. అన్నయ్య "సరేలే" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అన్నయ్య నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

ఆ సాయంత్రం మా ఆయన గిన్నెలన్నీ తోమేశాడు. ఐస్‌క్రీమ్ తెచ్చి, డబ్బా మూతకు అంటుకున్నది కూడా నాకే వదిలేశాడు. పుట్టింటివాళ్ళతో గొడవపడి వచ్చిన బాధంతా ఆ మూతతోనే కరిగిపోయింది.

ఇక ఆయిల్ ఎంచుకునే పని మీద పడ్డాం. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. సీసా మీద చీటీ చదవందే మంచినీళ్ళు కూడా తాగను. ఈ కారు గేర్‌బాక్స్ సీవీటీ రకం. అందులో మామూలు గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఒక ఇనప బెల్టు తిరుగుతూ ఉంటుంది. ఆయిల్ ఆ బెల్టును చల్లగానూ ఉంచాలి, జారిపోకుండానూ చూడాలి. రకం తప్పితే బెల్టు పట్టు జారుతుంది, బండి వణుకుతుంది. షాపులో మా ముందు మూడు డబ్బాలు పెట్టారు. ఒకటి అన్ని ఆటోమేటిక్ బండ్లకూ పనికొస్తుందని రాసుంది. రెండోది అన్ని సీవీటీలకూ అంది. మూడోదాని మీద మాత్రం మా గైడులో ఉన్న కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. అందరికీ సరిపోతాననే చొక్కా ఎవరికీ సరిగ్గా పట్టదని చెప్పి మూడోది తీసుకున్నాను.

"ఇంట్లో సైంటిస్టుంటే ఎంత నిశ్చింత," అని మా ఆయన డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. లోపలి ఆయిల్ లేత ఆకుపచ్చ రంగులో ఉంటుందని చీటీ మీద చదివి, మామిడి పిందె రంగా, చిలక రంగా అని దారంతా వాదించుకున్నాం.

వర్క్‌షాపు ఓనరు మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరుగుతాడు. గోడ మీద "గేర్ల డాక్టర్" అని తనే రాయించుకున్నాడు. మా డబ్బా చూసి, ఇన్నాళ్ళకు మందు తామే తెచ్చుకున్న పేషెంట్లు దొరికారని మెచ్చుకున్నాడు. కారును పైకి లేపి, కింద పళ్ళెం పెట్టి, బోల్టు విప్పాడు. పాత ఆయిల్ ఎలా ఉంటుందో చూద్దామని నేను వంగి నిలబడ్డాను.

ఎర్రగా కారింది.

డాక్టర్ వేలితో తడిమి, వాసన చూశాడు. "ఇది మామూలు ఆటోమేటిక్‌లో పోసేదమ్మా. దీనికి ఎవరు పోశారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ ఆయిలే అని ఎంత ధీమాగా చెప్పాడు. పెళ్ళి కానుక అని చెప్పి చెల్లెలి కళ్ళకే గంతలు కడతాడా? బ్యాగ్‌లోంచి ఫోన్ తీశాను. ఈ ఎర్రటి పళ్ళేన్ని ఫొటో తీసి పంపించి, ఆ తర్వాత మాట్లాడదామనుకున్నాను. ఫొటో తీశాను కూడా.

మా ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"పంపకు. ఆయన కాదు."

"మరెవరు?"

డాక్టర్ మా ఇద్దరి మొహాలూ చూసి, గుడ్డ వెతుక్కుంటూ పక్కకు వెళ్ళిపోయాడు.

నేను ట్రైనింగ్‌కు వెళ్ళినప్పుడు, వచ్చేసరికి కారు కొత్తదానిలా ఉండాలని మా ఆయనే సర్వీసుకు ఇచ్చాడట. నన్ను ఆశ్చర్యపరుద్దామనే. ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటేనని వాళ్ళు చెబితే గేర్ ఆయిల్ కూడా మార్పించాడట. వణుకు మొదలయ్యాక విషయం అర్థమైందట. చెప్పడానికి మొహం చెల్లలేదట. ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. అప్పటిదాకా మా ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు. తెలియక చేసిన పని. నేనుంటే చీటీ చదివేదాన్ని, లేను కాబట్టి జరిగింది. అంతే.

"మరి నేను అన్నయ్యను అన్నన్ని మాటలంటుంటే ఎదురుగానే కూర్చున్నావు కదా," అన్నాను. "ఎందుకు ఆపలేదు?"

మా ఆయన కొత్త డబ్బా మూత విప్పి డాక్టర్‌కు అందించాడు. డాక్టర్ కొత్త ఆయిల్ పోయడం మొదలుపెట్టాడు.

"మీవాళ్ళను కాదని నువ్వు నా పక్కన నిలబడటం అదే మొదటిసారి," అన్నాడు చివరికి. "బాగుంది నాకు. ఆపాలనిపించలేదు."

ఏదో ముద్దు మాట చెబుతున్నట్టే చెప్పాడు. నిజంగా అలాగే అనుకున్నాడేమో కూడా. గిన్నెలు తోమింది, ఐస్‌క్రీమ్ తెచ్చింది, సోఫాలో నా భుజం మీద తల పెట్టుకుని గైడు చదివింది, మామిడి పిందె రంగని వాదించింది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. లోపల ఏ రంగుందో తెలిసిన మనిషి నాతో రంగుల గురించి వాదించాడు. నా అంత తెలివైనది లేదని నన్ను మెచ్చుకుంటూ నా అమాయకత్వాన్ని దగ్గర కూర్చుని చూశాడు.

ఒక్కసారి దింపితే సగమే వస్తుందని, కొన్నాళ్ళకు ఇంకోసారి మార్చాలని డాక్టర్ చెప్పాడు. కాసేపు నెమ్మదిగా నడిపి, ఆయిల్ వేడెక్కాక లెవెల్ చూపించుకోవడానికి తిరిగి రమ్మన్నాడు. మా ఆయన డ్రైవర్ సీటు వైపు నడిచాడు. నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. ఎక్కడికని అడిగితే, అన్నయ్య షాపుకన్నాను. నేను నోరు విప్పననీ, మొత్తం తనే చెప్పాలనీ అన్నాను. దారిలో రెండుసార్లు ఇంటికెళ్ళి ఫోన్ చేస్తే సరిపోదా అన్నాడు. నేను రోడ్డు చూసుకున్నాను.

అన్నయ్య ఫ్రేములో అద్దం బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, మా ఆయనకు కుర్చీ జరిపాడు. మా ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, ఏదీ దాచకుండా, సోఫాలో కూర్చుని విన్న సంగతి కూడా. అది మాత్రం ఒప్పుకోవాలి.

అన్నయ్య అంతా విని, "పోన్లే బావా, ఆయిలే కదా, మార్చేశారుగా," అన్నాడు. నవ్వాడు కూడా. మా ఆయన మొహంలో రంగు వచ్చింది. ఇంత తేలిగ్గా తేలిపోతుందనుకోలేదు కాబోలు.

అప్పుడు అన్నయ్య నా వైపు తిరిగాడు.

"ఆయనకు నేను కొత్త. నువ్వు నిజంగానే అనుకున్నావా, ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో ఒకటి పోయిస్తానని?"

నా తప్పేం లేదు, అంతా తనవల్లేనని మా ఆయన అందుకోబోయాడు. అన్నయ్య అతని వైపు చూడలేదు. నేను కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ రోజుకు అబద్ధాలు సరిపడా విన్నాను.

"అనుకున్నాను," అన్నాను.

అన్నయ్య తలూపాడు. మళ్ళీ కూర్చుని, స్క్రూ ఎక్కడుందో వెతుక్కున్నాడు. అది బల్ల కిందకు దొర్లింది. నేనే వంగి తీసిచ్చాను. అందుకున్నాడు.

డాక్టర్ మళ్ళీ రమ్మన్నాడు కదా, వెళ్ళి లెవెల్ చూపించుకురమ్మని మా ఆయనకు తాళాలిచ్చాను. నువ్వు రావా అని అడిగాడు. రానన్నాను. అన్నయ్య నన్ను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. కాసేపటికి ఒక మెత్తని గుడ్డా, ట్రే నిండా ఫ్రేములూ నా ముందుకు తోశాడు. ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాను.

షాపు మూసే వేళకు మా ఆయన ఫోన్ చేశాడు. లెవెల్ సరిగ్గా ఉందట. వణుకు కొంచెం తగ్గిందట. బెల్టుకు ఏమైందో ఇప్పుడే చెప్పలేమన్నాడట డాక్టర్. వచ్చి తీసుకెళ్ళనా అని అడిగాడు.

ఇవాళ అన్నయ్య దగ్గరే ఉంటానన్నాను. రేపు రానా అన్నాడు. చెబుతానన్నాను.