పావుగంట ఆపే టైమరు

నేను ఒక వంటింటి టైమర్ని, గడియారాలకు దూరపు చుట్టాన్ని. వాటికి రోజంతా తెలుసు, నాకు గంటకు మించి తెలియదు. గుండ్రటి తెల్లని ముఖం, ఎర్రటి ముల్లు, లోపల ఒక స్ప్రింగు. తిప్పి వదిలితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి వచ్చి, గణగణ మోగి ఊరుకుంటాను.

నన్ను ఎక్కడో ఒక రేకుల షెడ్డులో బిగించారు. మోగుతున్నానో లేదో చూసే అమ్మాయి నన్ను చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో తెలుసుకునేలోపే అట్టపెట్టెలో వేశారు.

కాకినాడలో బేకరీ నడిపే సూరిబాబు నా మొదటి యజమాని. పఫ్‌లు కాల్చేటప్పుడు నన్ను తిప్పేవాడే కానీ నమ్మేవాడు కాదు. “నువ్వు మోగేలోపే నా ముక్కుకి తెలిసిపోద్ది” అనేవాడు. నిజమే, నేను మోగేసరికి పఫ్‌లు అద్దాల బీరువాలో ఉండేవి.

ఒకరోజు బిస్కెట్ల కోసం వచ్చిన నస్రీన్ మేడమ్ నన్ను చూసింది. తిండి దగ్గర మనసు అదుపు తప్పినవాళ్ళకు వైద్యం చేసే సైకాలజిస్టు ఆవిడ.

“ఇది ఇస్తారా?”

“దేనికండీ? మీ క్లినిక్కులో కూడా బిస్కెట్లు కాలుస్తారా?”

“లేదండీ, మనుషుల్ని కాసేపు ఆపాలి.”

సూరిబాబుకి అర్థం కాలేదు కానీ ఇచ్చేశాడు.

అలా మేడమ్ దగ్గరికి వైద్యానికి వచ్చే హిమజ చేతికి వచ్చాను. కొత్తగా పెళ్ళయిన పిల్ల. ఏదనిపిస్తే అది అప్పుడే చేసెయ్యాలి. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు కింద పెట్టకముందే ‘సరే’ అనేసిందట. ఆ తొందర బాగానే కుదిరింది, భర్త ఫణి ఇప్పటికీ ఆ కప్పు గురించే మురిసిపోతాడు. తక్కిన తొందరలు అలా కుదరలేదు. ఆకలితో సంబంధం లేకుండా ఒక్కసారిగా తినాలనిపిస్తుంది, డబ్బా ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు. తర్వాత సిగ్గు, బాత్‌రూములో వాంతి. పెళ్ళికి ముందు ఇద్దరు డాక్టర్ల దగ్గర వైద్యం మొదలుపెట్టి, ఒక్క చెడ్డరోజు రాగానే మానేసింది.

“తొందర ఉన్నవాళ్ళకి తగ్గదని కాదు హిమజా. తగ్గేదాకా ఉండరు, అదీ చిక్కు” అంది నస్రీన్ మేడమ్. “తినొద్దని చెప్పను. అనిపించగానే దీన్ని పావుగంటకి తిప్పు. మోగాక నీ ఇష్టం. ఇంకోటి, ఏ పూటా తిండి మానకు.”

నన్ను ఫ్రిజ్ మీద పెట్టారు. కొన్నిసార్లు నేను మోగేసరికి హిమజ బాల్కనీలో ఫణితో కబుర్లలో పడి ఉండేది. నన్ను మర్చిపోవడమే నా పనికి గెలుపని అప్పుడు తెలిసింది.

శనివారాలు మాత్రం నా ఆట సాగేది కాదు. ఆ రోజు హిమజ ఒక్కపొద్దు. అత్తగారు వరహాలమ్మకి అది ఎంతో గొప్ప. “మా కోడలు శనివారం మంచినీళ్ళు కూడా ముట్టదండీ” అని మేడ మీద బట్టలారేస్తూ పక్కింటావిడకి చెప్పేది. సాయంత్రం దీపం పెట్టి ఫలహారం ముట్టిందంటే ఇక ఆ చెయ్యి ఆగేది కాదు. పొద్దంతా ఎండిన కడుపుకి నా టిక్కుటిక్కు ఏం వినబడుతుంది? తిండి యావ తగ్గడానికి కోడలు మేడమ్ దగ్గరికి వెళ్తోందని అత్తగారికి తెలుసు, బాత్‌రూములో చప్పుడు మాత్రం గ్యాస్ ట్రబులని ఆవిడ నమ్మకం. ఒక్కపొద్దుల సంగతి మేడమ్‌కి హిమజ చెప్పలేదు, దేవుడి కోసం ఉండేదాన్ని తిండి మానడం అని ఎవరనుకుంటారు? మేడమ్ మాటా, శనివారం సంగతీ రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు వచ్చిన మాట మాత్రం గణగణ ఒక్కటే.

అలాంటి ఒక శనివారం గడిచిన మర్నాడు పొద్దున్నే హిమజ నన్ను కవరులో పడేసింది.

“ఎక్కడికమ్మా?” అంది కాఫీ కలుపుతున్న వరహాలమ్మ.

“ఇది మేడమ్‌కి ఇచ్చేసి వస్తాను అత్తయ్యా. ఇక వెళ్ళను. నాకిది తగ్గేది కాదు.”

మూడో వైద్యం కూడా ముగిసిందనుకున్నాను. వరహాలమ్మ వాదించలేదు. కవరులోంచి నన్ను తీసింది.

“తినాలనిపిస్తే దీన్ని తిప్పుతావు కదా. మానెయ్యాలనిపిస్తే తిప్పవా?” అంటూ తనే తిప్పి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. “మోగాక వెళ్ళు. నేనేం అనను.”

హిమజ కూర్చుంది. కాసేపు నన్నే చూసింది. తర్వాత గ్లాసులోకి చూస్తూ శనివారం సాయంత్రాల గురించి చెప్పింది. వాంతుల గురించి కూడా చెప్పింది.

“అయితే నేను వీధంతా చాటుకున్నది ఇదా?” అంది వరహాలమ్మ చివరికి.

“మీరు మురిసిపోతుంటే మానలేకపోయాను.”

“నేను మురవడానికేం, ఒక చీర కొనిస్తే చాలు. ఇంటికి ఒక ఒక్కపొద్దు సరిపోతుంది. నీ వంతు కూడా నేనే ఉంటాను. స్వామితో నేను చెప్పుకుంటాలే, ఆయన నీకంటే ముందు నాకు పరిచయం.”

హిమజ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. నేను మోగాను. ఎవరూ నా వైపు చూడలేదు.

ఆ పూట క్లినిక్కుకి ఇద్దరూ వెళ్ళారు. నన్ను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళారు.

హిమజకి పూర్తిగా నయమైందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. శనివారాలు తేలికయ్యాయి, అయినా ఎప్పుడో ఒకరోజు చెయ్యి జారేది. జారిన మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్ళేది. మనుషులు దీన్ని గెలుపంటారో లేదో నాకు తెలియదు.

ఈమధ్య నా స్ప్రింగు తెగింది. వంటగట్టు కింద పాత సామాన్ల బుట్టలో ఉన్నాను. నిన్న మధ్యాహ్నం హిమజ చెయ్యి ఫ్రిజ్ తలుపు మీద చాలాసేపు ఆగింది. మోగే ఓపిక నాకు లేదు. తర్వాత పెరుగు గిన్నె, దానిమ్మకాయ బయటికి తీసి, గింజలు ఒలిచి అన్నంలో కలుపుకుంది. కూర్చుని, ఊరగాయలో ఉప్పు ఎక్కువేశారని అత్తగారితో పోట్లాడుతూ, కంచం ఖాళీ చేసింది.