నోట్లో అద్దం

నేను ఒక రబ్బరు పట్టీని. షాపుల్లో నన్ను బీడింగ్ అంటారు. కారు తలుపులో అద్దం చుట్టూ నల్లటి అంచు ఒకటి ఉంటుందే, అది నేనే. కారు కొనడానికి వచ్చేవాళ్లు రంగు చూస్తారు, టైర్లను కాలితో తన్ని చూస్తారు, బానెట్ ఎత్తి అంతా అర్థమైనట్టు తల ఊపుతారు. నన్ను చూసి కారు కొన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. కానీ ఎండకు నేను కాస్త తెల్లబడ్డానో లేదో, బండి ముసలిదైపోయిందని మాత్రం అనేస్తారు.

నా ఉద్యోగం ఏమిటో ముందే చెబుతాను. నా వీపు తలుపు గాడిలో ఇరుక్కుని ఉంటుంది. నోట్లో అద్దం ఉంటుంది. ఒక పెదవి కారు బయట, ఒక పెదవి లోపల. వాన లోపలికి రాకూడదు, చల్లగాలి బయటికి పోకూడదు, లోపలి మాట బయటికీ బయటి మాట లోపలికీ దాటకూడదు. ఇందుకోసమే నన్ను పుట్టించారు. మీకు కష్టం వస్తే అడకత్తెరలో పోకచెక్క అయ్యామంటారు. పోకచెక్క కాసేపటికి తెగి బయటపడుతుంది. నాకు ఆ అదృష్టం కూడా లేదు.

చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. రబ్బరులో నల్లమసి కలిపి, నూనె పోసి, కాల్చి, సాగదీసి, నన్ను ఈ ఆకారానికి తెచ్చారు. ఆ నూనె నాలో ఉన్నంతకాలం నేను మెత్తగా, నల్లగా ఉంటాను. ఎండ దాన్ని పీల్చేసిందా, బూడిద పూసుకున్న సన్యాసినవుతాను. బంపరు, పక్క అద్దాల చిప్పలు, తలుపు పిడులు అన్నీ నల్ల ప్లాస్టిక్కే కాబట్టి వాటి తలరాత కూడా ఇంచుమించు ఇదే.

నా మొదటి యజమాని నిజామాబాదులో లెక్చరరు. బండి మీద గీత పడుతుందని కారును నీడన పెట్టి, తాను ఆటోలో కాలేజీకి వెళ్లేవాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ నాకు ఏ లోటూ లేదు. తరవాత మా తెల్ల కారును లింబాద్రి కొన్నాడు. మెట్‌పల్లికి దగ్గర్లో, పసుపు పండించే ఒక ఊరు ఆయనది. దుబాయిలో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. అక్కడ పరాయివాళ్ల పెద్ద కారు నడుపుతాడు, ఇక్కడ సొంత కారు ఇంటిముందు ఎండలో నిలబడి ఉంటుంది. మనుషుల లెక్కలు నాకు ఎప్పటికీ అర్థం కావు.

అయితే ఆయన ఊరికే కొనలేదు. కొన్న రోజున భార్య జమునను పక్కన కూర్చోబెట్టుకుని, అద్దాలు పైకెత్తి, ఇలా అన్నాడు.

"ఇంకో రెండేండ్లే జమునా. అటెన్క దుబాయి బందు. ఈ బండి కిరాయికి నడుపుకుంట ఈడనే ఉంట."

ఆ మాట విన్నది జమున ఒక్కతే కాదు, నేనూ విన్నాను. తరవాతి సెలవుకు వచ్చినప్పుడు కూడా ఆయన రెండేండ్లనే అన్నాడు. ఆ పై సెలవుకూ అదే. నేను రబ్బరును, సాగడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన రెండేళ్లు నాకంటే ఎక్కువ సాగాయి.

ఆయన లేనప్పుడు కారు తాళంచెవి జమున దగ్గర ఉండేది. బ్యాటరీ పాడవకుండా వారానికోసారి స్టార్ట్ చెయ్యమని లింబాద్రి ఫోనులో చెప్పేవాడు. ఆమె వచ్చి, తలుపు వేసుకుని, అద్దాలన్నీ మూసేది. మొదట్లో ఊరికే కూర్చునేది. ఇంట్లో అత్త, వాకిట్లో కూలివాళ్లు, గోడ అవతల చుట్టాలు. ఊరు మొత్తంలో ఆమెకు ఒంటరిగా కూర్చునే చోటు ఇదొక్కటే. ఆ చోటుకు కాపలా నాది. తరవాత క్లచ్ తొక్కి గేర్లు మార్చడం మొదలుపెట్టింది. కారు కదలదు, ఆమె మాత్రం నోటితో ఇంజను చప్పుడు చేస్తూ ఒకటి, రెండు, మూడు వేసుకుంటూ వెళ్లిపోయేది. ఆ చప్పుడు బయటికి పోకుండా నేను పెదవులు బిగించి పట్టుకున్నాను. నా జీవితంలో ఇష్టంగా చేసిన పని అదే.

మహిళా సంఘం మీటింగులకని మెట్‌పల్లి వెళ్లి, అక్కడి డ్రైవింగు స్కూల్లో అసలు విద్య నేర్చుకుంది. లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఊళ్లో ఆడమనిషి స్టీరింగు పడితే, ఆమె రెండో గేరు వేసేలోపే దుబాయికి ఫోను వెళ్తుంది. పసుపు ఉడకబెట్టి ఆరబోసే కల్లం ఇంటి వెనకే ఉంది. ఆ పని అయిపోయాక కల్లం ఖాళీగా, మైదానంలా ఉంటుంది. తెల్లవారకముందే కారును అక్కడికి తీసుకెళ్లి గుండ్రంగా తిప్పేది. పసుపు ధూళి లేచి నా నల్లటి మూతి మీద పడేది. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు ఉండేవాడిని.

ఇంతలో ఎండ తన పని తాను చేసింది. నేను బూడిదరంగుకు తిరిగాను. బంపరైతే చూడ్డానికే భయమేసేట్టు తయారైంది. ఆ ఏడు సెలవుకు వచ్చిన లింబాద్రి కారు చుట్టూ తిరిగి చూసి, నా మీద వేలు రాసి, వేలికి అంటిన తెల్లపొడిని ఊదేశాడు.

"ఎండకు నాశనమైతున్నది. ఇంట్ల నడిపేటోల్లు లేకపాయె. అమ్మేస్త," అన్నాడు.

సాయంత్రం జమున బట్టలు తీసే వంకన వచ్చి, కారులో కూర్చుని, అద్దం ఎత్తి, స్టీరింగు మీద తల పెట్టుకుంది.

"బండి ఉంటెనే ఈయనకు ఇంటికి రావాల్నని యాదుంటది. బండి వోతె ఇగ అటే," అంది.

ఆమె భయం అదీ. కారు మీద మమకారం కాదు. కారు పోతే మొగుడు తిరిగివచ్చే దారి మూసుకుపోతుందని.

అమ్మాలంటే ముందు మమ్మల్ని నల్లగా చెయ్యాలి. లింబాద్రికి ఆ పని బాగానే వచ్చు. షేకు కారు ప్లాస్టిక్కుకూ రబ్బరుకూ రాసే మందు ఒకటి ఉంటుంది, అది రాస్తే పాత నలుపు తిరిగి వస్తుంది. దాన్ని ఒక చిన్న సీసాలో తెచ్చాడు కూడా. కానీ దుబాయి నుంచి వచ్చినవాళ్ల సంచిలో ఏముంటాయో ఆ ప్రాంతంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు: సబ్బులు, సెంటు, ఖర్జూరాలు, మోకాళ్లకు రాసుకునే తైలం సీసాలు. ఆయన తల్లి లసుమవ్వ సంచి విప్పి, సీసాలన్నీ తన అరలో పెట్టుకుంది. వారం తిరిగేసరికి మా మందు మొత్తం ఆమె మోకాళ్లకు అయిపోయింది.

"గీ తైలం మంచిగ లేదురా లింబాద్రీ. ఘాటే లేదు. నున్నగ జారుతున్నది, గంతే."

"అవ్వా, అది కారుకు రాసేది."

"నాకేమెర్క? నీ సంచిలకెళ్లి వచ్చిన సీసలన్నీ మోకాళ్లకే రాస్తిని గద."

నొప్పి తగ్గలేదుగానీ ఆమె మోకాళ్లు మాత్రం కొత్త బంపరులా మెరిశాయి. లింబాద్రి నవ్వలేక, తిట్టలేక, ట్రాక్టరు డబ్బాలో మిగిలిన డీజిల్ తెచ్చాడు. పాత బనీను గుడ్డ ముంచి మమ్మల్నందరినీ తుడిచాడు. "లారీలోల్లంత గిదే జేస్తరు," అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. షేకు కారుకు సీసాలో మందు, సొంత కారుకు ట్రాక్టరు డీజిల్.

నిమిషంలో అందరం నిగనిగలాడాం. బంపరు పొంగిపోయింది. నాకు మాత్రం ఆ వాసనే పడలేదు. ప్లాస్టిక్కు డీజిల్‌ను పైపైనే పూసుకుంటుంది, నాబోటి రబ్బరు తాగేస్తుంది. ఆయన ఊరుకోకుండా మర్నాడూ, ఆ మర్నాడూ తుడిచాడు. నేను మెల్లగా ఉబ్బాను. నోట్లో అద్దం ఉండగానే బుగ్గలు వాచాయి. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అదే నా పరిస్థితి.

కోరుట్ల నుంచి ఒక ఆసామి కారు చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు, నలుపు చూసి ముచ్చటపడ్డాడు. లోపల కూర్చుని అద్దం దించే మీట నొక్కాడు. మోటారు మూలిగింది, అద్దం కదలలేదు. లింబాద్రి వచ్చి రెండు అరచేతులూ అద్దానికి ఆనించి కిందికి నొక్కాడు. కదలలేదు. మిగతా తలుపులు చూశారు. వాటిలో ఉన్న నా తోబుట్టువులూ డీజిల్ తాగినవే.

"అన్నా, గిది నీళ్లల్ల మునిగిన బండా?" అని అడిగాడు ఆసామి.

"కాదే. ఇన్నొద్దులు ఇంటి ముంగట్నే ఉన్నది."

"మరి ఒక్క అద్దం గుడ ఎందుకు దిగుతలేదు? పైకి జూస్తె గింత నల్లగ తయారు జేసిండ్రు. గందుకే అనుమానం గొడుతున్నది."

ఆయన వెళ్లిపోయాడు. జమున కోసమే అద్దాన్ని పట్టుకున్నానని నేను గొప్పలు చెప్పుకోవచ్చు. కాదు. డీజిల్ తాగి ఉబ్బాను, అంతే. కానీ గుమ్మంలో నిలబడ్డ జమున ముఖం చూసి, ఉబ్బినందుకు మొదటిసారి సంతోషించాను.

సెలవు అయిపోవచ్చింది. తాను వెళ్లాక బ్రోకరు వచ్చి కారు తీసుకుపోతాడని లింబాద్రి అన్నాడు. అప్పుడు జమున తాళంచెవి తీసుకుని వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆయన నవ్వుతూ పక్క సీట్లోకి వచ్చాడు. ఆమె కారును వెనక్కి తీసి, గోడకు తగలకుండా మలుపు తిప్పి, కల్లంలోకి పోనిచ్చింది. రెండు చుట్లు తిరిగేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

కారు దిగి, "ఎప్పుడు నేర్సుకున్నవ్?" అన్నాడు.

జమున నోరు తెరిచేలోపు, కల్లం గట్టు మీద కూర్చున్న లసుమవ్వ అందుకుంది. "ఎప్పుడో నేర్సింది. కల్లంల టైర్ల గుర్తులు పొద్దుగాల్నే ఊడ్సింది ఎవరనుకున్నవ్?"

ఆ సంగతి జమునకు కూడా తెలియదు. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. లింబాద్రి వంగి, బంపరు మీద గీతలేమైనా పడ్డాయేమోనని వెతికాడు.

"నడిపేటోల్లు లేరనే గద అమ్ముతన్నవ్. నేనున్న," అంది జమున. "బండి ఉంచు. నువ్వచ్చెదాంక నేను నడుపుత."

"సరె. బ్రోకరును రావద్దని చెప్త," అన్నాడు.

మర్నాడు ఆయన్ని మెట్‌పల్లి బస్టాండుకు జమునే తీసుకెళ్లింది. దారంతా ఆమె రోడ్డు చూసింది, ఆయన ఆమె చేతులు చూశాడు. బస్టాండు గేటు దగ్గర దిగి, డిక్కీలోంచి పెట్టె తీసుకుని, నాలుగు అడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆమె వైపు అద్దం దగ్గర వంగి, అద్దం మీద చెయ్యి పెట్టాడు.

"జమునా, నాకు పోబుద్ధి అయితలేదు," అన్నాడు.

గట్టిగా అనలేదు. అలాంటి మాట ఎవరూ గట్టిగా అనరు. నా బయటి పెదవికి ఆయన ఊపిరి తగిలింది. లోపల జమున మీట నొక్కింది, మోటారు మూలిగింది.

"ఏందీ? వినవడుతలేదు," అంది.

ఆయన మాటను బయటి పెదవి, ఆమె మాటను లోపలి పెదవి ఆపేశాయి. నా పని నేను ఏనాడూ అంత బాగా చెయ్యలేదు. వదులుదామని చూశాను. కాస్త సందు ఇస్తే చాలు. కానీ ఆయన చేతులతో ఆయనే పట్టించిన డీజిల్ నన్ను వదలనివ్వలేదు. వెనక బస్సు హారను కొట్టింది. జమున తలుపు తీయబోతే, కండక్టరు వచ్చి డిక్కీ మీద చరిచి బండి తియ్యమన్నాడు. లింబాద్రి ఏమీ లేదన్నట్టు తల ఊపి, వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆమె కూడా నవ్వి చెయ్యి ఊపింది. కారు పోనిచ్చింది.

కొన్నాళ్లకు ఆమె కారులో ఉండగా ఆయన దుబాయి నుంచి ఫోను చేశాడు. కొత్తగా వచ్చిన ధైర్యంతో ఆమె అంగడికీ, ఆసుపత్రికీ అత్తను తిప్పుతోంది. కబుర్లన్నీ అయ్యాక అడిగింది.

"ఆనాడు అద్దం అవుతల నిలవడి ఏమో అన్నవ్ గద. ఏమన్నవ్?"



"ఏమనలే. గేరు జూసుకోమన్న," అన్నాడు.

"నాకెర్కనే, నువ్వు గదే అంటవని," అని ఆమె నవ్వింది. నా నోట్లో అద్దం ఉంది. ఏం చెప్పను?

అద్దం దిగకుండా ఎన్నాళ్లు నడుపుతుంది? మెట్‌పల్లిలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లింది. అతను వేలితో నన్ను నొక్కి చూశాడు.

"డీజిల్ రాసిండ్రా అక్కా? రబ్బరుకు డీజిల్ రాయొద్దు. సబ్బునీళ్లతోని కడిగి, ఆరినంక, మందు స్పాంజితోని సన్నగ రాయాలె."

ఆ మందు సీసా ఆమె అక్కడే కొనుక్కుంది. "మా అత్తమ్మకు అందకుంట దాసిపెట్టాలె," అంది. అతనికి అర్థం కాలేదు. తరవాత బ్లేడుతో నా వీపు కోసి, గాడిలోంచి లాగి, షెడ్డు వెనక కుప్ప మీద పడేశాడు. నా స్థానంలో కొత్తది వచ్చింది. బంపరుకు మందు రాశారు. కారు వెళ్లేటప్పుడు చూశాను, నల్లగా, చక్కగా ఉంది. మందు తగిలే యోగం నాకు మాత్రం లేకపోయింది.

ఇప్పుడు పగిలిన బంపర్ల మధ్య ఉన్నాను. పుట్టిన తరవాత మొదటిసారి నా నోరు ఖాళీగా ఉంది. గాలి నాలోంచి ఇటు వచ్చి అటు పోతుంది, ఆపే పని లేదు. బయటపడితే హాయిగా ఉంటుందని అన్నేళ్లూ అనుకున్నాను. హాయిగా లేదు. ఆయన చెప్పిన మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు.

కాబట్టి మీకు చెబుతున్నాను. మెట్‌పల్లి వైపు వెళ్తే, పక్క సీట్లో ముసలావిడను కూర్చోబెట్టుకుని తెల్ల కారు నడిపే ఆమె మీకు కనబడుతుంది. కారు ఆగినప్పుడు అద్దం మీద తట్టండి. కొత్త రబ్బరు కదా, అద్దం సులువుగానే దిగుతుంది. పూర్తిగా దించాక చెప్పండి, ఆ రోజు ఆయన అన్నది గేరు సంగతి కాదని.