సాంబారు చీటీ మీద బొట్టు

నా మొగం చూసి నా గుట్టు కనుక్కునే మనిషి హోసూరులోనే కాదు, క్రిష్ణగిరి దాకా పోయి ఎతికినా దొరకరు. ఆ పొద్దు పనికి బయలుదేరతా ఉంటే మా అమ్మ ఒక్క చూపు చూసి, "ఏమప్పా లోహితా, ఈ పొద్దు ఎవురి కొంప ముంచేకి పోతాండావు?" అనింది. అమ్మని లెక్కలోకి తీసుకోకూడదు.

మాది బండ్లకి గేరు చక్రాలు చేసే ఫ్యాక్టరీ. దాన్ని బర్గూరుకి మార్చాలా, ఈడనే ఉంచాలా అని ఓనరు శ్రీరంగయ్య మీటింగులు పెట్టి పెట్టి, ఆ రూములో కుర్చీలకే విసుగొచ్చి కాళ్లు ఇరిగినాయి. అందుకని అర్పిత అనే కన్సల్టెంటుని పిలిపించినారు. విజయవాడ నుంచి వచ్చి హోసూరులో ఉండే ఆమె.

"లెక్కలు తర్వాత చూద్దామండీ," అనింది ఆమె. "ముందు ఎవరి మనసులో ఏ గుబులుందో చీటీ మీద రాయండి. పేరు వద్దు. అన్నీ గోడకి అంటించి, దేనివల్ల ఏది వస్తోందో గీతలు గీద్దాం. ముడి ఎక్కడ పడిందో అందరికీ కనిపిస్తుంది."

పేరు వద్దంట. మేకని ఆకుతోటలోకి తోలి తిరిగి చూడకుండా పోయినట్ల. నేను ఎడం చేత్తో రాసినాను: 'ఓనరు ఫ్యాక్టరీని అమ్మేస్తాడంట.'

నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. 'కొత్త మిషన్లు ఎందుకు రాలేదు?' అనే చీటీ నుంచి నా చీటీకి ఒక గీత. 'బర్గూరు స్థలం చూసొచ్చి ఎందుకు గమ్మునున్నారు?' దాన్నుంచి ఇంకొకటి. కొంచేపటికి నా చీటీ గూడు మధ్యలో సాలెపురుగు మాదిరి కూర్చునింది. శ్రీరంగయ్య కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పక్కన కూర్చున్న నాగవేణక్క నా చెవి దగ్గరికి వంగింది. క్వాలిటీ చూసే ఆమె. నన్ను ఈ పనిలో చేర్పించింది ఆమే.

"బెంగుళూరు కంపెనీవాళ్లు పిలస్తాండారని చెప్పినాను కదరా. రానని చెప్దామనుకున్నా. ఈ మీటింగు అవతానే ఫోను చేసి వస్తానని చెప్పేస్తా."

"ఎవురో సుమ్మనే, తమాషాకి రాసింటారు, అక్కా."

"పదిమంది కడుపుకూటి మాట ఎవురన్నా సుమ్మనే రాస్తారా? పిల్లోళ్లని ఆడ ఏ స్కూల్లో ఎయ్యాలో, ఏమో."

నేను ముందరున్న నీళ్ల బాటిలు ఎత్తి సగం తాగేసినాను. కెలవరపల్లి డ్యాము ఎత్తి పోసినా చాలేటట్ల లేదు.

"ఇప్పుడు మిమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టే చీటీ మీద ఒక గుర్తు పెట్టండి," అనింది అర్పిత. ఆమె తెచ్చిన స్టిక్కర్లు అయిపోయినాయి. అక్క బ్యాగులో నుంచి స్టిక్కర్ బొట్ల అట్ట తీసింది. తలా ఒక రంగు.

ఒక్కొక్కరే లేచి అతికించినారు. నా చేతిలో ఆకుపచ్చది. నా అబద్ధానికి నేనే ఎందుకు భయపడేది? 'క్యాంటీను సాంబారు నీళ్లు నీళ్లుగా ఉండాది' అనే చీటీ మీద అతికించి వచ్చినాను.

ఆఖర్న శ్రీరంగయ్య లేచినాడు. నల్లబొట్టు వేలి మీద పెట్టుకుని గోడ దగ్గరికి పోయినాడు. దాన్ని నా చీటీ మీదే పెట్టినాడు.

"ఎవురు రాసినారో గాని," అన్నాడు, గోడకల్లా చూస్తానే. "కొంటామని అడిగినోళ్లు ఉండారు. ఇస్తానని చెప్పలేదు, ఇవ్వనని కూడా చెప్పలేదు. నాకూ నిద్ర లేదప్పా."



"బొట్లన్నీ ఒక్కచోటే ఉన్నాయి. ఆ పచ్చది తప్ప," అనింది అర్పిత.

అక్క ఫోను చేతిలో పట్టుకుని నాకల్లా తిరిగింది. "ఓనరుకే వణుకు పుడతాంటే నీకు సాంబారు దిగులేందిరా? అది అబద్ధమని నీకెట్ల తెలుసు?"

మా అమ్మ చూసినట్లే చూస్తాంది.

"నేనే రాసినానక్కా," అన్నాను. "నవ్విద్దామని రాసినాను. సారు మనసులో నిజంగానే ఉండాదని నాకు తెలీదు. ఫోను చెయ్యద్దని చెప్పే మొగం కూడా నాకు ఇప్పుడు లేదు. ఆ సాంబారు మీది బొట్టు పీకి నేను రాసిన చీటీ మీద పెట్టుకోవచ్చునా?"