మింగేసిన ప్రశ్న

ఆ ఇంట్లో భోజనాల దగ్గర నవ్వులకు కొదవ ఉండదు. అన్నయ్య, వదిన, బడికెళ్ళే వాళ్ళ కూతురు, ఇంకా పెళ్ళి కాని మరిది, నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మరిది కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాడు. మాటకారి. వదినను ఏదో ఒకటి అని ఆటపట్టించందే అతనికి ముద్ద దిగదు. వదినా మరుదుల మధ్య ఆ మాత్రం పరాచికాలు మామూలేగా అని మనందరం అనుకుంటాం. వాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఆ సాయంత్రం వదిన కూర వడ్డిస్తూ, "కంప్యూటర్ ఆపేస్తాం కదా, మరి మనం అందులో రాసిందంతా అప్పుడు ఎక్కడుంటుంది?" అని అడిగింది.

మరిది నీళ్ళ గ్లాసు కింద పెట్టి, ముఖం ఎంతో గంభీరంగా పెట్టుకుని, "దానికీ నిద్రొస్తుంది వదినా. అన్నీ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది" అన్నాడు.

కూతురు పొలమారేదాకా నవ్వింది. నవ్వితే నడుం కలుక్కుమంటుందని తెలిసినా అన్నయ్య కూడా నవ్వాడు. వదినా నవ్వేసి, ఖాళీ అయిన గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. ఆమె అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆమె ఊసుపోక అడగలేదు. అన్నయ్య సరుకుల వ్యాను నడిపేవాడు. బరువులెత్తి ఎత్తి నడుం పాడైంది. ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఇల్లు ఒక్క మరిది జీతం మీద నడుస్తోంది. రేపు అతనికి పెళ్ళయితే, అతని సంసారం అతనికుంటుంది. ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, వదిన మనసులో మాత్రం అదే మెదులుతోంది. సరిగ్గా అప్పుడే పక్క వీధి గ్రంథాలయంలో పుస్తకాల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక సహాయకురాలు కావాలన్నారు. కూర్చుని చేసే పని. కూతురు బడి నుంచి వచ్చేవేళకు ఇంటికి చేరుకోవచ్చు. ఆమెకు మోకాళ్ళ నొప్పులున్నాయి, చిన్నప్పటి నుంచీ పుస్తకాలంటే ప్రాణం. ఇలాంటి పని మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు. గంటసేపు వివరాలు టైపు చేసి చూపిస్తే చాలు, నచ్చితే తీసుకుంటారు.

కంప్యూటర్ నేర్పమని ఆమె మరిదిని అడిగింది. అతను సరేనన్నాడు, నేర్పాడు కూడా. ఆ నేర్పడం ఎలా ఉండేదో చెప్పాలి. ఆమె చెయ్యి ఎక్కడైనా ఒక్క క్షణం ఆగితే చాలు, "ఇటివ్వు వదినా" అని మౌస్ లాక్కునేవాడు. టకటకా నాలుగు నొక్కులు నొక్కి, "చూశావుగా, ఇంతే" అనేవాడు. ఆమె ఏమీ చూసి ఉండదు. చూసేలోపే అయిపోయేది.

ప్రోగ్రామంటే ఎవరు ఎవరికి చెప్పే మాట అని ఒకసారి అడిగింది. మన అక్షరాలు దానికెలా తెలుస్తాయని ఇంకోసారి అడిగింది. మనం తప్పు కొడితే అది తప్పని దానికి తెలుస్తుందా అని మరోసారి. ఇవేమీ తెలివితక్కువ ప్రశ్నలు కావు. ఆ యంత్రాన్ని నిజంగా అర్థం చేసుకోవాలనుకునే బుర్రకే ఇలాంటివి తడతాయి. శిక్షణ కేంద్రంలో మొదటి వారం మరిది చెప్పే పాఠాలు కూడా ఇవే. రంగురంగుల బొమ్మలు వేసి మరీ చెబుతాడు. అక్కడ ఫీజు కట్టినవాళ్ళకు పాఠమైనది ఇక్కడ వదినకు వెక్కిరింతయింది. ఆమెకు 'సందేహాల వదిన' అని పేరు పెట్టాడు. ఆమె ప్రశ్నలు తరగతిలో చెప్పి పిల్లలను నవ్వించాడు. కూతురికీ అదే అంటుకుంది. స్నేహితులు ఇంటికొస్తే, "మా అమ్మ ఏమడిగిందో తెలుసా" అని మొదలుపెట్టేది.

మరిది చెడ్డవాడు కాదు. అన్నయ్య మందులు అయిపోకముందే తెచ్చి పెట్టేవాడు, వదిన మోకాళ్ళకు తైలం కొని తెచ్చేవాడు. ఆమెకు ఇబ్బంది లేకుండా చూడాలనే అతని ఉద్దేశం. అందుకే రాసింది రాసినట్టు దానంతటదే సేవ్ అయ్యేలా ఇంట్లో కంప్యూటర్‌ను సర్దిపెట్టాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మధ్యమధ్యలో ఏవేవో ప్రకటనల పెట్టెలు తెర మీదికి దూకి అది కొనమంటూ ఇది పెట్టుకోమంటూ అడుగుతుంటే ఆమె కంగారుపడేది. "ఏ పెట్టె వచ్చి ఏమడిగినా చదవకు వదినా, 'నో' నొక్కెయ్, పీడా పోతుంది" అని చెప్పాడు. ఆమె దాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది.

కొన్నాళ్ళకు వదిన ప్రశ్నలు ఆగిపోయాయి. టైపు మాత్రం చకచకా చేస్తోంది. "మా వదిన ఆరితేరిపోయింది" అని మరిది మెచ్చుకున్నాడు. ఆమె అడగడం మానేసిందని గానీ, ఎందుకు మానేసిందని గానీ ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పరీక్ష రోజు వచ్చింది. గ్రంథాలయాధికారి తల నెరిసిన పెద్దావిడ. కిటికీ పక్కన కంప్యూటర్ ముందు వదినను కూర్చోబెట్టి, పక్కన పుస్తకాల దొంతర పెట్టింది. ఒక్కో పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఏ బీరువాలో ఉండాలో, అన్నీ ఎక్కించాలి. "మొదలుపెట్టే ముందు ఏమైనా అడగాలా అమ్మా?" అంది పెద్దావిడ.

వదినకు అడగాలనిపించింది. తెర ఇంట్లో ఉన్నదానిలా లేదు. రాసింది ఇందులో ఎక్కడికి పోతుంది, తానేమైనా నొక్కాలా అన్నది నోటిదాకా వచ్చింది. అంతలో ఇంట్లో భోజనాల బల్ల, ఆ నవ్వులు కళ్ళముందు మెదిలాయి. పరాయి చోట కూడా నవ్వులపాలు కావడం దేనికని మింగేసింది. "ఏం లేదండి" అంది.

తర్వాత ఆమె ఎంతో బాగా పనిచేసింది. ఒక్క అక్షరం తప్పు పోకుండా, ప్రతి పేరూ రెండోసారి సరిచూసుకుంటూ దొంతరంతా పూర్తి చేసింది. ఇంట్లో చేసినట్టే మూసేయబోతే చిన్న పెట్టె ఒకటి తెర మీదికొచ్చి ఏదో అడిగింది. ఆమె తడుముకోకుండా 'నో' నొక్కింది.

రాసినది సేవ్ చేయమంటారా అని అడిగిన పెట్టె అది. పెద్దావిడ వచ్చి తెరిచి చూస్తే పట్టిక ఖాళీగా ఉంది.

వదిన ఇంటికొచ్చి రెండు ముక్కల్లో సంగతి చెప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మరిదికి కోపం ఆగలేదు. తన వదినకు పని రాదా? కచ్చితంగా ఆ కంప్యూటరే పాతదయి ఉంటుంది. మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళి, తానెవరో చెప్పి, ఆవిడకు అన్నీ వచ్చు, నేనే దగ్గరుండి నేర్పాను, ఇంకో అవకాశం ఇవ్వండి అని గట్టిగానే అడిగాడు. పెద్దావిడ అతన్ని కూర్చోమని, ఉద్యోగం నిన్న వదిన తర్వాత వచ్చినమ్మాయికి ఖాయమైపోయిందని చెప్పింది. ఆ అమ్మాయికి టైపు కూడా సరిగ్గా రాదట. కానీ అడిగి అడిగి బుర్ర తినేసిందట. ఎక్కడ నొక్కాలి, నొక్కితే ఏమవుతుంది, ఆ పెట్టె ఏమంటోంది, అన్నీ అడిగిందట.

"మీ వదినగారి పని నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. చాలా శుభ్రమైన పని. పోయినందుకు నాకూ బాధగానే ఉంది" అంది ఆవిడ. "ఏమైనా అడగాలా అన్నప్పుడు ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసేసుకున్నారు. అడిగితే నవ్వుతారని భయపడే ముఖాలు నేను ఇక్కడ రోజూ చూస్తుంటాను బాబూ. ఆ భయం మనిషికి పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు నేర్పుతారు. మీరు ఆవిడకు ఇంకేం నేర్పారో నాకు తెలీదు" అంది.

మరిది లేచి బయటికి వచ్చాడు. దారి పొడుగునా తాను వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవి ఇప్పుడు నవ్వు తెప్పించలేదు. తరగతిలో పిల్లలు ఆ జోకులకు నవ్వడమే గుర్తుంది గానీ, ఆ నవ్విన పిల్లల్లో ఎంతమంది తమ ప్రశ్నలు తమలోనే దాచుకున్నారో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికొచ్చేసరికి వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అతను ఎదురుగా నేల మీద కూర్చుని, అక్కడ ఏం అడగాలనుకున్నావు వదినా అని అడిగాడు. ఆమె ముందు ఏం లేదులే అంది. అతను వదల్లేదు. అప్పుడు చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు.

"మనం రాస్తున్నంతసేపూ అది బల్ల మీద పరిచిన కాగితం లాంటిది వదినా. సేవ్ చేస్తే బీరువాలోకి వెళ్తుంది. చెయ్యకుండా మూసేస్తే బల్ల తుడిచేసినట్టే. ఆపేసినా, కరెంటు పోయినా బీరువాలోది ఎక్కడికీ పోదు. ఇంట్లో నీ బదులు కంప్యూటరే దాన్ని బీరువాలో పెట్టేలా నేను చేసి పెట్టాను. నీకు చెప్పలేదు."

వదిన చేతిలోని చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. "ఇంతేనా బాబూ?" అంది.

"ఇంతే వదినా."

"నా బుర్రకెక్కదని నువ్వు చెప్పట్లేదేమో అనుకున్నాను. ఇది నాకు అర్థమయ్యేదేగా."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేదేమో. క్షమించమని అడగబోతే, "ఊరుకో, నువ్వు కావాలని చేశావా ఏంటి" అని ఆమే అతన్ని ఓదార్చింది. వచ్చే వారం నుంచి మందుల గోదాములో పెట్టెలు కట్టే పనికి వెళ్తున్నానని, రోజంతా నిలబడాలట, అయినా ఫరవాలేదని చెప్పి, మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది. మోకాలు పట్టేసినట్టుంది, గడప దాటేటప్పుడు గోడ పట్టుకుంది.

అతను ఇన్నాళ్ళూ చెప్పని జవాబు చెప్పడానికి ఆ సాయంత్రం అరనిమిషం పట్టింది. మన ఇళ్ళలో తల్లులు, అత్తలు, అక్కలు, తాతలు ఫోను చేత్తో పట్టుకునో కంప్యూటర్ ముందు కూర్చునో మొహమాటంగా ఏదో అడుగుతూనే ఉంటారు. మనకు అది చాలా చిన్న ప్రశ్న, వాళ్ళకు దాని మీద ఒక బతుకే ఆధారపడి ఉండొచ్చు. రేపు మీ ఇంట్లో ఎవరైనా అలా అడిగితే దయచేసి నవ్వకండి, మౌస్ లాక్కోకండి, ముందు జవాబు చెప్పండి. ఒకసారి నవ్వులపాలైన మనిషి రెండోసారి అడగదు.