ఆగిన చోటు

ఆదిమూలం ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, జారకుండా ముందర మడిచిన గుడ్డ పెట్టాడు. తెరలో ముఖం సగమే కనబడింది. ముఖం లేకపోయినా ఫరవాలేదు, తాళం వేసే చెయ్యి కనబడాలి. శ్రుతిపెట్టె మీట నొక్కి, మెడకు చుట్టుకున్న తుండుగుడ్డను వదులు చేసుకున్నాడు. ఎడమ పక్క కణితి ఉన్న చోట చర్మం బిగిసి మెరుస్తోంది.

సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. రేపు స్వరపేటిక తీసేస్తారు. ప్రాణం నిలుస్తుంది గానీ మాట ఉండదని డాక్టరు మెల్లగా చెప్పాడు. అప్పటినుంచీ భార్య చౌడేశ్వరమ్మది ఒకటే మాట. వచ్చిన పాటలన్నీ ఫోనులో పాడి పెట్టమంటోంది. ఆయన వినీ విననట్టు ఉన్నాడు.

నగరిలో మరమగ్గాల మోతకు పైన భజనలు పాడి గట్టిపడిన గొంతు అది. సంగీతం నేర్చుకోవడానికి తిరుపతి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏ కొలువూ దొరకలేదు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి పాఠాలు చెప్పాడు. కరోనా నాడు ఫోనులో చెప్పడం మొదలుపెట్టినప్పుడు తిట్టుకున్నాడు. నెట్టు వెనకబడి, ఇద్దరూ కలిసి పాడితే రెండు గొంతులూ చెరో దారి పడుతుంటే ఇదేం చదువనుకున్నాడు. పోనుపోను ఆయనకు ఒక సంగతి తెలిసింది. ఎదురుగా కూర్చున్న పిల్లలు ఇన్నేళ్ళూ తన గొంతును పట్టుకుని నడిచారు. తను ఆపితే వాళ్ళూ ఆగేవారు. ఫోనులో మాత్రం పిల్ల ఒంటరిగా పాడక తప్పదు. గురువు చెయ్యి వదిలితేనే చదువు అని అప్పటినుంచీ అందరికీ చెబుతూ వచ్చాడు.

మిగతా పిల్లలను తెలిసిన టీచరమ్మకు అప్పగించాడు. ఈ రోజుకు లోహిత ఒక్కతే మిగిలింది. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. ఆదివారం నుంచి తమ వీధి పిల్లలకు తానే పాట చెప్పబోతోంది. అందుకే ఈ కీర్తన ఒకసారి వినమంది.

వీడియో కాల్లో బాగా పాడింది. చరణం రెండో పాదంలో పై షడ్జమానికి ఎక్కబోతూ చిన్నగా ఆగి, గొంతు గీరుకున్నట్టు చేసి ఎక్కింది. మళ్ళీ పాడమన్నాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఆడెందుకు ఆగుతావు?"

"మీరు ఆగుతారు గదా సార్. నాకు శానా ఇష్టం అది. దానికే ఎక్కువ దినాలు పట్టింది."

నమ్మలేక, ఆ కీర్తన తాను పాడి పంపిన రికార్డు వినిపించమన్నాడు. ఉగాది ముందుది. తన గొంతే. పైకి ఎక్కబోతూ చిక్కుకుంది, గీరుకుంది, ఎక్కింది. ఆ పొద్దు ఉమ్మి మింగితే ముల్లు గుచ్చినట్టయింది. జలుబేమోలే అనుకున్నాడు. ఫ్యాక్టరీ బస్సులో వస్తూ పోతూ ఆ పిల్ల దాన్ని కూడా పాటలోని ఒక సంగతి, ఒక సొగసైన విరుపు అనుకుని సాధన చేసింది.

ఆయన శబ్దం లేకుండా నవ్వాడు.

"అది పాట కాదమ్మా, నా జబ్బు. దాన్ని గూడా శ్రుతి తప్పకుండా పట్టినావే."

లోహిత నవ్వలేదు. ఆ రికార్డులన్నీ తీసేయమన్నాడు. లేకపోతే ఆదివారం నుంచి వీధి పిల్లలందరికీ అదే అంటుకుంటుంది అన్నాడు.

"అవి పోతే మీ గొంతు యాడుంటాది సార్?"

"నా గొంతుతో నీకేం పని? పాట తీసుకో. గొంతు నీది నీకుండాది."

అది సరిగా పాడి చూపే బలం ఆయనలో లేదు. పాడితే మరో చోట చిక్కుతుంది, పిల్ల అదీ నేర్చుకుంటుంది. అందుకని నోరు మూసుకుని తాళం మాత్రం వేశాడు. లోహిత పాడింది, ఆగింది. పాడింది, ఆగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎత్తుకుంది. వంటింటి గడపలో నిలబడిన చౌడేశ్వరమ్మ చెయ్యి తుడుచుకోవడం మరిచిపోయింది. ఎన్నోసారికో ఆ పిల్ల గొంతు ఆ చోటు మీదుగా, కొంచెం వణుకుతూ, ఆగకుండా పైకి పోయింది. ఇంకోసారి అన్నట్టు ఆయన వేలు ఎత్తాడు. ఈసారి వణకలేదు.

ఫోను పెట్టేశాక చౌడేశ్వరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పిల్లకు తీసేయమన్నావు, సరే. నా ఫోన్లో ఉండే నీ పాత పాటలు గూడా తీసేయాల్నా?"

"నీ ఇష్టం. నువ్వేమన్నా పాఠాలు చెప్పబోతావా?"

చీకటి పడుతుండగా ఆటో వచ్చింది. ఆయన ఎక్కి కూర్చుని, "చౌడీ, గ్యాసు కట్టేసినావా?" అని అడిగాడు. కట్టేసినానని చెప్పి ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రిలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆపరేషను బాగానే జరిగింది. కళ్ళు తెరిచి, ఆమెను చూసి, పెదవులు కదిపి, ఊరుకున్నాడు.

ఆదివారం లోహిత ఫోను చేసింది. చౌడేశ్వరమ్మ ఆయన చెవి దగ్గర పెట్టింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆ పాదం పాడారు. ఒక చిన్నపిల్ల అక్కడే ఊపిరి చాలక ఆగింది. అది ఆ పిల్ల ఊపిరే. దుప్పటి మీద తాళం వేస్తున్న ఆయన చెయ్యి ఆగలేదు.

ఆ పూట చౌడేశ్వరమ్మ మార్చుకునే బట్టల కోసం ఒక్కతే ఇంటికి వచ్చింది. ఆపరేషనుకు ముందు ఏమీ తాగకూడదన్న మాట మరిచి, బయలుదేరే ముందు ఆమె ఆయనకని కలిపిన మిరియాల పాలు పొయ్యి పక్కన గ్లాసులో అలాగే ఉన్నాయి. విరిగి, పైన మీగడ పసుప్పచ్చగా గట్టిపడి.